భాష రాకనా? వినబడకనా?

డిక్టేషన్‌లో టీచరుగారు ‘సంచి’ అంటే పిల్లవాడు ‘అంచి’ అని రాస్తాడు. వెనక బెంచీలో ఉంటే రెండుసార్లు పిలిస్తే గాని పలకడు. ఆంధ్రలోనో తెలంగాణలోనో అయితే ‘వీడికి సరిగా వినబడుతోందా?’ అన్న అనుమానం ఎవరికో ఒకరికి వస్తుంది. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, సోలాపూర్‌లో ఉన్న మన బడుల్లో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: ‘ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, పాపం కలిపేసుకుంటున్నాడు.’ ఆ జవాబు చాలాసార్లు నిజమే. నిజం కానప్పుడు మాత్రం చెవి లోపం భాష చాటున ఏళ్ల తరబడి దాగిపోతుంది.

రెండింటినీ కొంతవరకు మనమే విడదీసి చూడవచ్చు. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. అక్కడ పెరిగే మన పిల్ల ‘గుడి’ని ‘కుడి’ అని రాస్తే అది భాష ప్రభావం కావచ్చు. కానీ స, శ, ఫ లాంటి సన్నని ధ్వనులు రాలిపోతున్నా, మాట్లాడేవారి పెదవులు చూస్తే తప్ప అర్థం కాకపోయినా, ఏ భాషలో చెప్పినా అదే తడబాటు ఉన్నా అనుమానించాల్సింది చెవినే. అచ్చులు బలంగా వినిపిస్తాయి. స లాంటి హల్లులు హెచ్చు శ్రుతిలో, బలహీనంగా ఉంటాయి. అందుకే కొందరు పిల్లలకు పిలుపు వినబడుతుంది, మాట మాత్రం తెలియదు.

దీన్ని తేల్చేది ఆడియోమీటరు. శబ్దం చొరని గదిలో పిల్లల చెవులకు హెడ్‌ఫోను పెట్టి, 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కో శ్రుతిని వినిపిస్తూ, శబ్దాన్ని తగ్గిస్తూ పోతారు. వినబడితే చెయ్యి ఎత్తాలి. ఆ ఫలితాల గీతే ఆడియోగ్రామ్: కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలి ఇంటూ గుర్తు. చెవి వెనక ఎముకపై చిన్న పరికరం ఉంచి మళ్లీ పరీక్షిస్తే లోపం బయటి, మధ్య చెవిలోనా, లోపలి చెవిలోనా అన్నది తెలుస్తుంది. కర్ణభేరి వెనక నీరు చేరిందేమో టింపనోమీటరు చెబుతుంది. చెయ్యి ఎత్తలేని పసివాళ్లకు ఓఏఈ, బెరా పరీక్షలు ఉన్నాయి. వీటిలో దేనికీ భాష అడ్డం కాదు.

భాష అడ్డొచ్చేది మాటల పరీక్షలో. కొన్ని పదాలు వినిపించి, తిరిగి చెప్పమని మార్కులు వేస్తారు. తెలుగింటి పిల్లకు ఆ పదాలు కన్నడంలోనో ఒడియాలోనో వినిపిస్తే తగ్గిన మార్కు చెవిదో పదాలు తెలియకపోవడానిదో చెప్పలేం. తెలుగులోనూ ఇలాంటి పదాల జాబితాలు తయారయ్యాయి. ‘మా ఇంటి భాష తెలుగు’ అని తల్లిదండ్రులు ముందే చెప్పాలి, తెలుగు జాబితా ఉందా అని అడగాలి. మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు, ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు వెళ్లినా ఈ మాట చెప్పడం మరవకూడదు.

లోపం ఉందనగానే యంత్రం కొనడం తొందరపాటే. చెవి కారుతుంటే, నీరు చేరి ఉంటే ముందు వైద్యం. చెవిలో నూనె పోయడం మానాలి. యంత్రం అవసరమైతే పిల్లలకు సాధారణంగా చెవి వెనక పెట్టేదే నయం. చెవి ఎదిగేకొద్దీ మెత్తని అచ్చు ఒక్కటి మార్చితే చాలు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే శబ్దవర్ధకాలు తరగతి గోలను కూడా పాఠంతో సమానంగా పెంచుతాయి. మంచి డిజిటల్ యంత్రాన్ని ఆ పిల్ల ఆడియోగ్రామ్ ప్రకారం, ఏ శ్రుతి ఎంత కావాలో అంతే పెంచేలా సరిచేస్తారు. రెండు చెవుల్లో లోపం ఉంటే సాధారణంగా రెండింటికీ పెట్టాలి. పెట్టాక ఫలితాన్ని మళ్లీ కొలిచారా, మరమ్మతు దగ్గర్లో దొరుకుతుందా అన్న ప్రశ్నలు ధరకంటే ముందు అడగాలి.

ఇక ప్రభుత్వాల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం నుంచే లెక్కలోకి తీసుకుంటుంది. మెరుగైన చెవిలో 35 డెసిబెల్స్ దాటితేనే అది జీవనానికి ఆటంకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఈ రెండు గీతల నడుమ ఉన్న పిల్ల తరగతిలో వెనకబడుతుంది, చట్టం లెక్కలో మాత్రం ఉండదు. ఉచితంగా పరికరాలిచ్చే కేంద్ర ఎడిప్ పథకానికి 40 శాతం వైకల్య ధ్రువపత్రం కావాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడి పిల్లల వినికిడినీ చూడాలి, కానీ అది ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే. ఎయిడ్ లేని మన మైనారిటీ బడులు దాని పరిధిలోకి రావు. యానాం పిల్లలకు భాష చిక్కు లేకపోయినా పాలన పుదుచ్చేరిలో, దగ్గరి పెద్ద ఆస్పత్రి కాకినాడలో.

ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. పాఠం తెలుగులో చెబితే చాలదు, అది పిల్ల చెవికి చేరాలి. కాబట్టి మనం అడగవలసినవి మూడు: ఎయిడ్ లేని బడులకూ ఆరోగ్య బృందాలు రావాలి, జిల్లా కేంద్రాల్లో తెలుగు పదాల జాబితా ఉండాలి, 60 డెసిబెల్స్‌కు తక్కువ లోపమున్న బడి పిల్లలకూ యంత్రం అందాలి. అంతవరకు మన చేతిలో ఉన్నది చేద్దాం. ‘భాష రాదు’ అని ప్రోగ్రెస్ కార్డులో రాసేముందు ఆ పిల్లను ఒక్కసారి వినికిడి పరీక్షకు పంపుదాం.