పార్కు సరే, మూసీలో పారేది ఏమిటి?

మూసీ ఒడ్డున పార్కు కావాలా వద్దా అని అడిగితే కావాలనే మేం అంటాం. పార్కులు ఉన్నోళ్ల ముచ్చట అని కొట్టిపారేసే మిత్రులు మాకున్నారు. వాళ్ల మాటతో మేం ఏకీభవించం. పొద్దున్నే కారులో వచ్చి నడవడానికి బంజారాహిల్స్‌లో కేబీఆర్ పార్కు ఉంది. జియాగూడలో, చాదర్‌ఘాట్‌లో, మలక్‌పేటలో రెండు గదుల ఇంట్లో ఏడుగురు సర్దుకుని బతికే కుటుంబానికి సాయంత్రం కూర్చోవడానికి చెట్టు నీడ ఎక్కడుంది? హాస్టల్ గదిలో ఊపిరాడని విద్యార్థికి, ఆఫీసు విడిచి బస్సు కోసం గంటసేపు నిలబడే ఉద్యోగికి నది ఒడ్డున ఇంత పచ్చదనం దొరికితే వద్దనేవారెవరు? టిక్కెట్టు లేకుండా, గేటు లేకుండా అందరికీ తెరిచి ఉంచుతామంటే అది మంచి పనే.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఉప్పొంగి సుమారు 15 వేల మందిని మింగింది. ఆ మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నది ఒడ్డులను ఎత్తు చేసి తోటలుగా, విహార స్థలాలుగా మార్చాలని ఆయనే చెప్పాడు. కానీ ఆయన మొదట చెప్పింది తోటల గురించి కాదు. నగరానికి ఎగువన వరదను పట్టి ఆపే జలాశయాలు కట్టాలన్నాడు, నగరానికి మురుగు కాలువల వ్యవస్థ కావాలన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. ముందు నీళ్ల సంగతి, తర్వాత పూల సంగతి. వందేళ్ల కిందటి ఆ వరుస నేటి పాలకులకు గుర్తుందా అన్నదే మా అనుమానం.

నగరంలో 55 కిలోమీటర్ల మేర మూసీని సుందరీకరిస్తామని ప్రభుత్వం చెబుతోంది. బాపూఘాట్ దగ్గర గాంధీ సరోవరం అంటోంది. నదిలో మంచినీళ్లు పారించడానికి మల్లన్నసాగర్ నుంచి తెచ్చే గోదావరి నీళ్లలో రెండున్నర టీఎంసీలు జంట జలాశయాలకు ఇస్తామంటోంది. వినడానికి బాగుంది. లెక్క వేసి చూద్దాం. ఏడాదికి రెండున్నర టీఎంసీలంటే రోజుకు దాదాపు 19 కోట్ల లీటర్లు. నగరంలో రోజూ పుట్టే మురుగు 2021 నాటి ప్రభుత్వ అంచనా ప్రకారమే 165 కోట్ల లీటర్లు. నాడు శుద్ధి చేసే శక్తి 77 కోట్ల లీటర్లకే ఉంది. మరో 126 కోట్ల లీటర్లు శుద్ధి చేయడానికి 31 కేంద్రాలు మంజూరు చేశారు. కేంద్రం కట్టినంత మాత్రాన సరిపోదు, ప్రతి నాలాలోని మురుగూ అక్కడికి చేరాలి. చేరినా ఇళ్ల మురుగు కోసం కట్టిన యంత్రాలు రసాయన ఫ్యాక్టరీల విషాన్ని కడగలేవు. పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థాలను 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి మరీ అంబర్‌పేటకు తెచ్చిన ఘనులు మన పాలకులు. ఎనిమిది బిందెల మురుగులో ఒక్క బిందె గోదావరి నీళ్లు కలిపితే దాన్ని నది అనమంటారా?

సబర్మతిని చూడమంటారు. చూద్దాం. అహ్మదాబాద్‌లో నదిని 263 మీటర్ల వెడల్పుకు కుదించి రెండు పక్కలా గోడలు కట్టారు. పది వేలకు పైగా కుటుంబాలను లేపారు. ఆ గోడల మధ్య నిండుగా కనిపించేవి నర్మద కాలువ నీళ్లు. నగరం దాటగానే మళ్లీ మురుగే. ఆ కాలుష్యం చూసి 2021లో గుజరాత్ హైకోర్టే తనంతట తాను కేసు చేపట్టాల్సి వచ్చింది. 2024లో మన మంత్రులు, అధికారులు సియోల్ వెళ్లి చూసొచ్చిన వాగూ అంతే. ఆరు కిలోమీటర్లు కూడా లేని ఆ వాగులో నీళ్లు చాలావరకు హన్ నది నుంచి మోటార్లు పెట్టి తోడిపోసేవే. (సియోల్‌కు విమానం కావాలి గానీ వలిగొండకు ఆర్టీసీ బస్సు చాలు.)

ఇక ఒడ్డున ఉన్న ఇళ్లు. 2024లో వాటి గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. మూసానగర్, శంకర్‌నగర్ జనం డబుల్ బెడ్రూం ఇళ్లకు తరలిపోయారు. నది గర్భంలో బతకడం ప్రమాదమే, కాదనం. కానీ మూసీని పాడుచేసింది ఆ రేకుల ఇళ్లవాళ్లా? 1990ల చివర నందనవనం పేరుతో చంద్రబాబు ప్రభుత్వం ఇదే బస్తీల మీద పడితే మూసీ బచావో అంటూ జనం లేచారు. అప్పుడు తప్పైంది ఇప్పుడు ఒప్పెలా అవుతుంది? మలక్‌పేట మార్కెట్‌లో హమాలీ పనిచేసేవాడికి నగరం చివర ఇల్లిస్తే గూడు దొరుకుతుంది, కూడు పోతుంది. ఇంటితో పాటు పని, బడి, బస్సు కూడా ఇవ్వాలి. నదిలో సర్కారే కట్టిన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ సంగతేమిటి? 2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తితే ప్రయాణికులు ఆ బస్‌స్టేషన్‌లోనే వరద మధ్య చిక్కుకున్నారు. నదికి తన జాగా గుర్తుంది. ఆ జాగాలో రెస్టారెంట్లు, కాంక్రీటు మెట్లు, అద్దాల మేడలు లేపి దాన్ని పార్కు అంటే మేం ఒప్పుకోం. వరద వచ్చినప్పుడు మునిగి, తగ్గాక మళ్లీ పచ్చబడే గడ్డి, చెట్లు, మట్టి బాటలు చాలు.

ఎగువన చేసిందేమిటి? జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో అడ్డగోలు నిర్మాణాలు ఆపడానికి 1996లో జీవో 111 తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలను ఎత్తేస్తూ జీవో 69 ఇచ్చారు. పై నుంచి వచ్చే వాగులకు అడ్డంగా విల్లాలు లేపి, కింద నదికి పునరుజ్జీవం అంటే ఎవరు నమ్మాలి?

అన్నిటికన్నా మాకు బాధ కలిగించేది దిగువ ఊళ్ల సంగతి. పార్కు బొమ్మల్లో నది నగరం అంచున ఆగిపోతుంది. నిజం మూసీ అక్కడ ఆగదు. భువనగిరి, పోచంపల్లి, వలిగొండ మీదుగా కత్వలు దాటుకుంటూ, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా పారుతుంది. ఆ నురగ నీళ్లలోనే నల్లగొండ రైతు వరి వేస్తాడు. నాటేసే ఆడవాళ్ల కాళ్లు చేతులు దురదలతో పుండ్లవుతాయి. ఫ్లోరైడ్‌తో వంగిన నడుములున్న జిల్లా అది. ఒకవైపు భూమి లోపల విషం, మరోవైపు నది నిండా విషం. నీళ్ల కోసం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో ఆ రైతుకు మనం పంపుతున్న నీళ్లివి. 2024 నవంబర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వలిగొండ మండలం సంగెంలో మూసీ వెంట పాదయాత్ర చేశారు. మంచిదే. మరి ప్రాజెక్టు మొదటి దశ సంగెం దగ్గర కాక గండిపేట దగ్గర ఎందుకు మొదలవుతోంది?

కాబట్టి ప్రభుత్వాన్ని మేమడిగేది ఇది. నాలాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు నదిలో పడకుండా ఆపే పనికి ముందు డబ్బు పెట్టండి. మూసీ నీళ్లను ప్రతి నెలా వలిగొండ కత్వ దగ్గర పరీక్షించి, ఫలితాన్ని గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి. ఆ గోడ మీద అంకెలు దిగినప్పుడు బాపూఘాట్‌లో పూల మొక్కలు నాటండి. నీళ్లు పోయడానికి మేమూ వస్తాం.