తుక్కుకి పోతున్న ఆయిల్ ఇంజన్

జిగణిలో లేతుల మీద, సీఎన్‌సీల మీద బతికే మనవాళ్లకు ఓ మాట.

ఇంజన్ అనగానే రుడాల్ఫ్ డీజిల్ పేరే చెబుతాం. ఆయన ఇంజన్ సరిగ్గా నడిచింది 1897లో. అంతకు ముందే, 1892 నుంచి, ఇంగ్లండులో గ్రాంథమ్ ఊరి హార్న్స్‌బీ కంపెనీ హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ పేటెంటు మీద ఆయిల్ ఇంజన్లు చేసి అమ్మింది. 1876 నాటి ఓటో ఇంజన్‌కి గ్యాసు గొట్టం కావాలి. దీనికి అక్కర్లేదు. సిలిండరు వెనక ఓ ఇనప బుడ్డి. బ్లో ల్యాంపుతో దాన్ని కాసేపు కాల్చి ఫ్లైవీల్ తిప్పితే చాలు, ఆ తర్వాత తన వేడితో తనే నడుస్తుంది. స్పార్కు లేదు, కరెంటు లేదు. గ్యాసు లేని పల్లెకి ఇంజన్ రాగలిగింది అందుకే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆయిల్ ఇంజన్లతో బావుల నీళ్లు తోడించిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1912లో ఈ మైసూరు సంస్థానానికే పరిశ్రమల డైరెక్టరుగా వచ్చారు.

డీజిల్ గొప్పే, కాదనను. కంప్రెషన్ ఎక్కువ, నూనె ఖర్చు తక్కువ. కానీ మన పల్లెలు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ బుడ్డిని. ఇప్పుడేమో పాత రైస్ మిల్లు ఇంజన్లను కిలోల లెక్కన తూచేస్తున్నారు. సంక్రాంతికి ఊరెళితే నేమ్‌ప్లేట్ ఫొటో తీయండి. దాన్ని స్టార్ట్ చేయడం తెలిసిన పెద్ద మేస్త్రీ ఇంకా ఉంటే, ఆయన చేత చేయించి వీడియో తీసి ఇక్కడ పెట్టండి.