నమూనాకు చిక్కని కులం

2027 జనగణనలో కులాన్నీ లెక్కించాలని కేంద్రం 2025లో నిర్ణయించాక కూడా, నమూనా సర్వే చాలదా అని అడిగేవారున్నారు. బీసీ కుటుంబాల వాటా తెలియడమే ముఖ్యమైతే చాలు. కోటి కుటుంబాలున్న రాష్ట్రం లెక్కకు పరిమితమే అయినా, గణాంకశాస్త్రంలో అనంత సమష్టితో సమానం. యాదృచ్ఛికంగా ఎంచిన 385 కుటుంబాలు 95 శాతం విశ్వాసంతో, అటూ ఇటూ 5 శాతం తేడాతో జవాబు చెబుతాయి. రాష్ట్రం రెట్టింపైనా ఆ సంఖ్య మారదు.

ఆ రాష్ట్రంలోనే 200 కుటుంబాలున్న ఒక సంచార కులాన్ని ఊహించండి. అది నిజంగా పరిమిత సమష్టి. వారి చదువు గురించి అంతే కచ్చితంగా చెప్పాలంటే, సవరణ సూత్రం ప్రకారం 132 కుటుంబాలను కలవాలి. అంతమందిని కలిసినవారికి మిగిలిన 68 గడపలు బరువా? రాష్ట్రమంతటా పదివేల ఇళ్లు ఎంచినా వీరిలో ఒక్క ఇల్లయినా తగిలే అవకాశం అయిదింట ఒక వంతు లోపే. తగలని కులం పట్టికలో ఉండదు. ఉపవర్గీకరణ చర్చలోనూ ఉండదు. మండల్ కమిషన్ సర్వే జిల్లాకు రెండు గ్రామాలు, ఒక పట్టణ బ్లాకు చూసింది. అప్పటికి అది పెద్ద పనే. స్థిరమైన ఊరే లేనివారు ఆ వలలో పడేదెలా?

నేను నమూనాకు విరోధిని కాను. వివక్షను కొలవడానికి అది తప్పనిసరి. దరఖాస్తుల తిరస్కరణలకు జాబితా ఉండదు, అవి రేపూ జరుగుతాయి. అనంత సమష్టి అంటే అదీ. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సమాన అర్హతలతోనే పంపినా దళిత ఇంటిపేర్లకు ప్రైవేటు సంస్థల పిలుపులు తగ్గాయి. కులాల సంఖ్య సంగతి వేరు. వందల్లో ఉన్నవారిని ‘ఇతరులు’ గడిలో కలపకుండా విడిగా ప్రకటించాలి.