వాసన రాకముందే నీటిని పరీక్షింపవలెను

పెట్రోలు, డీసెలు లేనిదే నేడు మన మైదానములలో బండి కదలదు. మిరప గుంటూరు యార్డునకు చేరవలెనన్నను, ప్రత్తి జిన్నింగు మిల్లునకు చేరవలెనన్నను ఆ నూనెయే ఆధారము. మంగళగిరి మొదలు చిలకలూరిపేట, ఒంగోలు, సింగరాయకొండల మీదుగా పోవు రాజమార్గము పొడవునను బంకులు వెలసినవి. వేలకొలది లీటర్ల ఇంధనము భూమిలో పాతిన తొట్టెలలో నిలువయున్నది. ఆ భూమిలోనే మన త్రాగునీరును ఉన్నది. తొట్టె చిల్లుపడిన దినమున ఆ సంగతి మొదట తెలియవలసినది ఎవరికి? నూనె అమ్మువానికా, నీరు త్రాగువానికా?

తెలుగువారు తరతరములుగా నివసించుచున్న ఉత్తర చెన్నపట్టణము ఈ ప్రశ్నకు జవాబు చెప్పినది. 2013లో తండయారుపేట ఇండ్లలోని గొట్టపుబావుల నీటిలో నూనె తేలినది. ఓడరేవునుండి అచటి నిలువకేంద్రమునకు భారత్ పెట్రోలియం వారి గొట్టము పోవుదారి అది. గొట్టము కారుచున్నదని లోకమునకు చాటినది ఇంటివారి బొక్కెనయే. వ్యవహారము జాతీయ హరిత న్యాయస్థానమునకు ఎక్కినది. నేలను, నీటిని శుభ్రపరచు పని ఏండ్లతరబడి సాగినది.

కంటికి కనబడు నూనెకంటె కనబడనిది భయంకరము. పెట్రోలు నీటికంటె తేలిక. భూగర్భజలముపై తెట్టెగా తేలును. అందలి బెంజీను వంటి ద్రవ్యములు నీటిలో కరగి, నీరు సాగు దిక్కునకే సాగిపోవును. బెంజీను రక్తపు క్యాన్సరునకు కారణమగునని వైద్యశాస్త్రము స్థిరపరచినది. త్రాగునీటిలో అది లీటరునకు 10 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో లక్షవవంతు, మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు విధించినది. నాలుకకు రుచి తెలియునప్పటికే అది ఆ హద్దును అనేకరెట్లు దాటియుండును. కావున “వాసన లేదు, నీరు మంచిదే” యని తృప్తిపడుట ఆత్మవంచన.

మన నేలయును ఒక్క తీరుది కాదు. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చి వానకు ఉబ్బును. పాతిన గొట్టముల అతుకులపై ఆ ఒత్తిడి ఏటేట పడుచుండును. పల్నాటి సున్నపురాతిలో పగుళ్లు కలవు. చీరాల, బాపట్ల ఇసుకనేలలలో నీరు చాల పైనే యున్నది. ఒకచోటి పరీక్ష వేరొకచోటికి చాలదు.

భూగర్భజల శాఖవారు ఫీజోమీటర్లు నాటి నీటిమట్టమును కొలుచుచున్నారు. మంచిపని. కాని నీరెంత లోతున నున్నదో చెప్పు కొలత నీటిలో నేమున్నదో చెప్పజాలదు. పశ్చిమ ప్రకాశమునందలి ఫ్లోరైడును చూపు పరీక్ష బెంజీనును చూపదు. 2018 మార్చిలో గుంటూరు నగరమున నీరు కలుషితమై అతిసారము ప్రబలగా పదిమందికి పైగా మరణించిరి. ఆసుపత్రులు నిండిన పిమ్మట నీటిని పరీక్షించుట ఎవరిని కాపాడును?

క్రొత్త బంకులు బడులకు, ఆసుపత్రులకు, నివాసములకు 50 మీటర్ల దూరమున నుండవలెననియు, ఎట్టి పరిస్థితిలోను 30 మీటర్లకు తగ్గరాదనియు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు 2020లో నియమించిరి. క్రొత్తవాని మాట సరియే. ఏనాడో పాతిన తొట్టెల మాటయేమి? నేలపై కొలిచిన దూరమును నేలక్రింది నీరు పాటించునా? ఇచట తొట్టెలు కారుచున్నవని మేము నింద మోపుటలేదు. కారుటలేదని చూపవలసిన భారము అమ్మువారిదే యనుచున్నాము. అమెరికాలో 1984 నాటి చట్టము పిమ్మట వెదకగా, భూమిలోని తొట్టెలనుండి 5 లక్షలకు పైగా కారుటలు బయటపడినవి. వెదకినవారికి కనబడినవి, వెదకనివారికి లేనట్లే తోచును.

మేము కోరునది స్వల్పము. ప్రతి నిలువకేంద్రము వద్దను, పాత బంకు వద్దను నీరు వచ్చువైపున ఒకటి, పోవువైపున రెండు పరిశీలన బావులు త్రవ్వవలెను. వానలకు ముందొకసారి, తరువాత నొకసారి ప్రభుత్వ పరీక్షాలయము ఆ నీటిని పరీక్షింపవలెను. వ్యయము నూనె సంస్థలు భరింపవలెను. కాలుష్యము చేసినవాడే పరిహారము చెల్లింపవలెనను సూత్రమును 2010 నాటి హరిత న్యాయస్థాన చట్టము అంగీకరించియే యున్నది. ఫలితములు తెలుగున వ్రాసి పంచాయతీ కచేరీ గోడపై అంటింపవలెను. బావులు త్రవ్వుట ఖర్చని గొణుగువారు తండయారుపేటలో నేలను కడుగుటకు పట్టిన ఏండ్లను లెక్కింతురు గాక!

1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నుభారమునకు ఒప్పక, ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొనిరి. ఆనాటి పాలకులు పరాయివారు. నేటి సంఘములు మనవి, ఓటు మనది. ఇల్లు విడువనక్కరలేదు, రాబోవు గ్రామసభలో లేచి, “మా బావినీటిని ఎవరు పరీక్షించిరి, ఎప్పుడు?” అని అడిగిన చాలును. తన కడవలో నేమున్నదో తెలిసికొను హక్కు లేని పౌరునకు స్వరాజ్యము సంపూర్ణము కానేరదు.