బామ్మతో పందెం కాస్తారా?

‘అష్టా చమ్మా’ అనగానే మీకు ముందు గుర్తొచ్చేది నానీయే కదూ! నిజమే మరి. 2008లో ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన ఆ సినిమాతోనే గదా ఆయన తెరమీదికొచ్చింది. సరే, ఇప్పుడొక చిన్న ప్రశ్న. ఆ పేరుగల ఆట మీలో ఎంతమందికి వచ్చు? నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే ఏమంటారు? నాలుగూ బోర్లా పడితే ఏమంటారు? తల గోక్కుంటున్నారా? ఫరవాలేదు లెండి. జవాబు మీ ఇంట్లోనే, వసారాలో పడక్కుర్చీలోనో వంటింటి గడప దగ్గర పీటమీదో కూర్చుని ఉంటుంది. వెళ్ళి అడగండి.

అడగడానికి రోజులు కూడా ఇవే. చైత్రమాసం. మామిడికాయలు దింపే కాలం, పరీక్షలు అయిపోయే కాలం. పన్నెండు దాటితే వీధిలో కాకి కూడా కనపడదు. మీరు మ్యాట్నీకి పోతారు, మీ నాన్నగారు ఆఫీసుకి పోతారు. ఇంట్లో మిగిలేది తాతయ్య, బామ్మ, తిరగలేక తిరిగే ఫ్యానూ! ఒకప్పుడు సరిగ్గా ఈ మూడు నాలుగు గంటలే పెద్దవాళ్ళ ఆటల వేళ. గచ్చుమీద సుద్దముక్కతో అయిదు వరసలు, వరసకి అయిదు గళ్ళు గీసేవారు. మొత్తం 25. నాలుగు పక్కలా మధ్య గడికీ, నడిమి గడికీ అడ్డగీతలు కొట్టేవారు. అడ్డగీతలున్న గడిలో ఉన్న కాయని ఎవరూ చంపలేరు. మనిషికి నాలుగు కాయలు. బయటి చుట్టు పదహారు గళ్ళూ తిరిగి, లోపలి ఎనిమిదింట్లో అటునుంచి ఇటు తిరిగి నడిమి గడి చేరితే కాయ ‘పండినట్టు’. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మ, అంటే నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఈ రెండింటికీ ఇంకో పందెం ఉంటుంది. చాలా ఇళ్ళల్లో అవతలివాళ్ళ కాయని ఒక్కటైనా చంపందే లోపలికి పోనివ్వరు.

ఇదంతా అదృష్టం ఆటేగా అంటారేమో, అక్కడే పప్పులో కాలేస్తున్నారు! గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుని లెక్కవేయండి. నాలుగు గవ్వలు 16 రకాలుగా పడతాయి. అందులో రెండు పడేవి ఆరు. అష్ట పడేది ఒక్కటే ఒక్కటి. అంటే శత్రువుకాయకి సరిగ్గా రెండు గళ్ళ ముందు నిలబడినవాడంత వెర్రివాడు ఇంకొకడు లేడన్నమాట. ఈ లెక్క మీకు కాలేజీలో చెప్పి ఉంటారు. బామ్మకి ఎవరూ చెప్పలేదు, అయినా ఆవిడ కాయ అక్కడ నిలబడదు, గమనించండి. పైగా గవ్వల్ని గుప్పిట్లో ఎంతసేపు ఆడించి ఏ వాలున వదలాలో ఆవిడకో పద్ధతుంటుంది. అది మోసమా నేర్పా అన్న సంగతి మాత్రం మనం తేల్చలేం! పాచికలంటే మనకి ‘మాయాబజార్’లో సి.ఎస్.ఆర్., ‘శ్రీకృష్ణ పాండవీయం’లో ధూళిపాళ మాత్రమే గుర్తొస్తారు గానీ, ప్రతి ఇంట్లోనూ బొట్టుపెట్టుకున్న శకుని ఒకరుండేవారు సుమండీ.

తాతయ్యలది ఇంకో లోకం. పులిజూదం. కొందరు పులి-మేక అంటారు. రచ్చబండ రాళ్ళమీదా, పాతగుళ్ళ మండపాల్లోనూ ఆ గీతలు చెక్కి ఉండటం మీరు చూసే ఉంటారు. 23 కూడళ్ళు, మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకమీంచి దూకి తినేస్తుంది. మేకలు దూకలేవు, కలిసికట్టుగా నిలబడి పులికి కదలడానికి చోటు లేకుండా చెయ్యాలి. ఇందులో గవ్వ లేదు, పాచిక లేదు, ఎవర్నీ తిట్టడానికి లేదు! కుర్రవాళ్ళకి ఎప్పుడూ పులులే కావాలి. తాతయ్య నవ్వుకుని మేకలు తీసుకుంటాడు. నాలుగైదు మేకల్ని పోగొట్టుకున్నా కంగారుపడడు. మీ పులి ఎక్కడ ఇరుక్కుందో మీకు తెలిసేసరికి ఆయన పొడుంపీల్చడం కూడా అయిపోతుంది.

ఇక వామనగుంటల పీట సంగతి. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు. మడతపెట్టే చెక్కపీట. కొందరిళ్ళల్లో అత్తారింటికి వెళ్ళే పిల్లకి సారెలో పెట్టి పంపేవారు. గింజలు తీసి గుంటకొకటి చొప్పున వేసుకుంటూ పోవాలి. ఇందులో పట్టంతా జ్ఞాపకానిదే. ఎదుటివాళ్ళ గుంటలో ఎన్ని పోగయ్యాయో చేత్తో తడమకుండా చెప్పగలగాలి. మా వీధిలో ఒక మామ్మగారు డెబ్భై దాటాక కూడా చూపు ఆనకుండానే గింజల చప్పుడుని బట్టి లెక్క చెప్పేవారు. ఆవిడతో రోజూ ఆడే తోడికోడలు పోయింది. ఆ తర్వాత పీట అటకెక్కింది. ఇంట్లోవాళ్ళు ఆవిడకి మందులు వేళకిచ్చారు, మెత్తటి పరుపు కొన్నారు, పెద్ద టీవీ పెట్టారు. ఎదురుగా కూర్చుని ఒక్క పందెం ఆడినవాళ్ళు మాత్రం లేరు!

అసలు బాధ అదీ. పెద్దవాళ్ళకి ఆట తెలియక కాదు, ఆడేవాళ్ళు లేక మానేశారు. మన సినిమాల్లో కూడా చూడండి, తాతగారంటే దగ్గాలి, దీవించాలి, రెండో రీలులో గోడకి దండేసుకుని వేళ్ళాడాలి. తనికెళ్ళ భరణి 2012లో ‘మిథునం’ తీసినప్పుడు గదా, ఇద్దరంటే ఇద్దరే ముసలివాళ్ళు, బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి, పోట్లాడుకుని, ఏడిపించుకుని, సినిమా అంతా నిలబెట్టగలరని మనకి తెలిసింది. ఆ అప్పదాసుగారికీ బుచ్చిలక్ష్మిగారికీ ఒకరికొకరు ఎదురున్నారు. మీ ఇంట్లో ఆ ఎదురు ఎవరు?

అయితే ఒక్క షరతు. జాలిపడి ఓడిపోకండి! ‘పాపం బామ్మ’ అని చమ్మ పడ్డా కాయ కదపకుండా కూర్చున్నారో, ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది. గవ్వలు అక్కడ పడేసి లేచిపోతుంది, మర్నాడు పిలిచినా రాదు. చంపాల్సిన కాయని చంపండి. ఆవిడ మిమ్మల్ని శాపనార్థాలు పెట్టాలి, మీరు ఆవిడని తొండి అని కేకలెయ్యాలి. అప్పుడుగానీ అది ఆట కాదు.

పేకాట మాటేమిటంటారా? ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో 1967లో సుప్రీంకోర్టే రమ్మీకి నేర్పు కావాలని ఒప్పుకుంది. కనక తాతయ్య పదమూడు ముక్కలు పంచితే ముక్కు విరవకండి. డబ్బు పెట్టడం మాత్రం వద్దు. ఫోన్లో పైసలు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం చేసి మరీ నిషేధించాయి. పొద్దున్నే పార్కుల్లో చేతులెత్తి నవ్వే క్లబ్బులున్నాయి, 1995లో ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరు మొదలుపెట్టినవి. ఎండెక్కకముందు నడిచి, నవ్వి రావడం మంచిదే గానీ, నన్నడిగితే ఓడిపోతున్న మనవణ్ణి చూసి వచ్చే నవ్వే నవ్వు!

మోకాళ్ళ నొప్పులవాళ్ళని గచ్చుమీద కూర్చోబెట్టకండి. అట్టమీద గళ్ళు పెద్దవిగా గీసి స్టూలుమీద పెట్టండి. కిటికీ వెలుగు కాయలమీద పడాలి, కళ్ళల్లో కాదు. పక్కనే మజ్జిగ చెంబు ఉండాలి. గవ్వలు దొరకలేదా? కొత్త చింతపండు వచ్చే రోజులివి, ఏ ఇంట చూసినా గింజలే. నాలుగు మంచి గింజలు ఏరి, ఒకవైపు తెల్లగా కనపడేదాకా గరుకురాతిమీద అరగదీయండి. ఆ పని మీదే. మొదటి పందెం మాత్రం బామ్మది.