జీతం పెరిగింది, ఈఎస్‌ఐ పోయింది

ఆర్థిక సంవత్సరం మారే వేళకు పత్రికల్లోనూ టీవీల్లోనూ ఒక తంతు మొదలవుతుంది. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో మీ కుటుంబానికి ఏ ప్లాన్ మేలు? మూడు లక్షలదా, అయిదు లక్షలదా? టాప్‌అప్ ఎంత తీసుకోవాలి? ప్రసూతి ఖర్చు కలుస్తుందా? నిపుణులు పట్టికలు వేసి మరీ చెబుతారు. ఆ పట్టికల్లో రూ.21,000 అనే అంకె మాత్రం ఎక్కడా కనిపించదు. నెలకు లక్ష తెచ్చుకునేవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన సలహాలవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి బెంగళూరుకో, హోసూరుకో, శ్రీసిటీకో పనికి పోయే కుర్రవాడి ఇంట్లో ఆరోగ్య బీమా మొత్తం ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది. నెల జీతం అంతకు లోపల ఉంటే ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈఎస్‌ఐ. దాటితే కంపెనీ దయ.

ఆ కుర్రవాడికి ప్లాన్లు పోల్చి చూసుకునే తెలివి నేర్పితే సరిపోతుందన్న ఈ ధోరణి నాకు చిరాకు తెప్పిస్తోంది. అతని తెలివికి ఏ లోటూ లేదు. కేంద్ర ప్రభుత్వం 2017 జనవరి 1న గీసిన గీతను అక్కడే వదిలేసింది, లోటంతా అక్కడుంది. ఈఎస్‌ఐ వేతన పరిమితిని పెంచాలి. పరిమితి దాటినవాడు కోరుకుంటే చందా కట్టి కొనసాగే హక్కు ఇవ్వాలి. ఈ రెండూ చేయకుండా ప్లాన్ల గురించి ఎంత చర్చించినా మా ప్రాంతం వారికి ఒరిగేది లేదు.

ఆ అంకె చరిత్ర ఒకసారి చూడండి. 2004 ఏప్రిల్‌లో పరిమితిని రూ.7,500 చేశారు. 2006 అక్టోబర్‌లో రూ.10,000. 2010 మేలో రూ.15,000. 2017 జనవరిలో రూ.21,000. మొదట రెండున్నరేళ్లకు, తరువాత మూడున్నరేళ్లకు, ఆ తరువాత ఆరేళ్ల ఎనిమిది నెలలకు పెంచారు. 2017 తరువాత మళ్లీ పెంచలేదు. ఈలోగా కొవిడ్ వచ్చి పోయింది, ఆస్పత్రి బిల్లులు ఎక్కడికి చేరాయో ప్రతి ఇంటికీ తెలుసు, బెంగళూరులో ఒంటి గది అద్దె ఎంతో అక్కడికి పోయే మన పిల్లల్ని అడిగితే చెబుతారు. అన్నీ కదిలాయి, ఇరవై ఒక్క వేలు కదల్లేదు.

ఈ గీతకు లోపల ఉన్నవాడికి ఏం దొరుకుతుందో చెప్పుకుంటేనే దాటినవాడు ఏం పోగొట్టుకుంటాడో తెలుస్తుంది. రూ.21,000 జీతం మీద కార్మికుడి వాటా 0.75 శాతం, అంటే నెలకు రూ.157.50. యజమాని వాటా 3.25 శాతం, రూ.682.50. రెండూ కలిపి నెలకు రూ.840, ఏడాదికి రూ.10,080. ఈ డబ్బుకు అతనికీ, భార్యాపిల్లలకూ, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. తల్లిదండ్రుల ఆదాయం నెలకు రూ.9,000 దాటకుండా ఉంటే చాలు. ఇంత ఖర్చయ్యాక ఇక మేం పెట్టం అనే లెక్క ఇందులో లేదు. షుగరున్న నాయనకు, మోకాళ్లు అరిగిన అమ్మకు పాత జబ్బులని వెయిటింగ్ పీరియడ్ పెట్టరు. రూమ్ రెంట్ కోత ఉండదు, కో-పే ఉండదు. పెద్ద ఆస్పత్రి వైద్యానికి కొంతకాలం చందా కట్టి ఉండాలన్న నిబంధన ఉంది, అంతే. ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు కుప్పంలో అయితే ఇంటి దగ్గరున్నవారికి వేరే కార్డు కూడా ఇస్తారు.

మామూలు ప్రైవేటు ఆరోగ్య పాలసీల్లో కనిపించనిది ఇంకొకటి ఉంది. జబ్బు పడి పనికి పోలేని రోజులకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఈఎస్‌ఐ చెల్లిస్తుంది. క్యాన్సర్, క్షయ వంటి 34 దీర్ఘవ్యాధులైతే, సర్వీసు షరతులకు లోబడి, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియాన్ని వందేళ్ల కిందట వేర్వేరు మిషన్ సంస్థలు కూడి కట్టాయి. క్షయ రోగికి మందుతో పాటు నెలల తరబడి విశ్రాంతి కావాలని, ఆ నెలల్లో ఇల్లు గడవాలని ఆ ఊరివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కంపెనీ గ్రూప్ పాలసీ ఆస్పత్రి బిల్లు కడుతుంది, ఇల్లు ఎలా గడుస్తుందని అడగదు. రిటైరయ్యాక చూసినా అంతే. అయిదేళ్లు బీమా ఉద్యోగంలో ఉండి రిటైరైనవారికి, వారి జీవిత భాగస్వామికి ఏడాదికి రూ.120 కడితే ఈఎస్‌ఐ వైద్యం కొనసాగుతుంది. గ్రూప్ పాలసీ ఉద్యోగంతోనే పుట్టి ఉద్యోగంతోనే పోతుంది. మానేసినవారు అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారవచ్చు, కానీ అప్పుడు ప్రీమియం వయసును బట్టి పూర్తిగా జేబులోంచే కట్టాలి.

ఇప్పుడు కుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికి పోయే ఒకరిని ఊహించుకుందాం. జీతం రూ.20,800. ఇంక్రిమెంట్‌తో రూ.700 పెరిగి రూ.21,500 అయింది. చందా వ్యవధి మధ్యలో పెరిగితే ఆ ఆరు నెలలు ముగిసేదాకా చందా కొనసాగుతుంది, కట్టిన చందాను బట్టి వైద్యం మరికొన్ని నెలలు దొరుకుతుంది. ఆపైన లేదు. యజమానికి నెలనెలా కట్టే మూడుంబావు శాతం మిగిలింది. ఉద్యోగికి హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది: మీరిప్పుడు గ్రూప్ మెడిక్లెయిమ్‌కు అర్హులు, ఫలానా తేదీలోగా ప్లాన్ ఎంచుకోండి. నిపుణుల పట్టికలు పనిచేయడం మొదలయ్యేది ఇక్కడి నుంచే.

ఎంచుకోవడానికి ఏముంటుంది? మామూలుగా ఉద్యోగి, భార్య, ఇద్దరు పిల్లలకు మూడు లక్షలు. తల్లిదండ్రులను చేర్చాలంటే ప్రీమియం ఉద్యోగే కట్టుకోవాలి, చాలాచోట్ల బిల్లులో పదో ఇరవయ్యో శాతం కో-పే కూడా. ఇద్దరు పెద్దవారి ఏడాది ప్రీమియం అతని ఒక నెల జీతాన్ని మింగడం మామూలే. రూ.700 ఇంక్రిమెంట్‌కు ఏడాది మొత్తం వచ్చేది రూ.8,400. లెక్క ఎటు తేలుతుందో చెప్పాలా? అందుకే చాలామంది తల్లిదండ్రుల గడిని ఖాళీగా వదిలేస్తారు. వెంటనే ఏ నిపుణుడో 'బీమా అవగాహన లోపం' అని రాస్తాడు. లోపం అవగాహనలో ఉందా, ఇరవై ఒక్క వేలలో ఉందా?

చేర్చినవారి తిప్పలు వేరు. మూడు లక్షల పాలసీలో రూమ్ రెంట్ ఒక శాతం అంటే రోజుకు రూ.3,000. ఆరు వేల గది తీసుకుంటే గది అద్దెలో తేడా కట్టి ఊరుకుంటే సరిపోదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు వంటివి కూడా అదే నిష్పత్తిలో, అంటే సగానికి, కోసేస్తారు. మా వైపు వారి వైద్యం మూడు రాష్ట్రాల్లో ఉంటుందన్న సంగతి కూడా ఈ పాలసీలు రాసేవారికి పట్టదు. కుప్పం వారు పీఈఎస్ ఆస్పత్రికి పోతారు, కాదంటే వేలూరు సీఎంసీ. పుంగనూరు వారికి కోలారు దగ్గర. మదనపల్లె వారికి ఒకవైపు తిరుపతి స్విమ్స్, ఇంకోవైపు బెంగళూరు. కంపెనీ ఇచ్చిన నెట్‌వర్క్ జాబితా నగరంతో నిండి ఉంటే, అర్ధరాత్రి గుండె పట్టేసిన మనిషిని ఎక్కించుకున్న అంబులెన్స్ ఆ జాబితా చూసి దారి పట్టదు కదా. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రిలోనూ క్యాష్‌లెస్ ఇస్తామని బీమా కంపెనీలు 2024 జనవరిలో ప్రకటించాయి. దానికీ కంపెనీకి సమాచారం ఇవ్వాలి, ఆస్పత్రి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుదల దగ్గరే కథ ఆగుతుంది.

ఇక పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారని పండగ చేశారు. గ్రూప్ పాలసీల మీద 18 శాతం అలాగే ఉంచారు. సొంతంగా పాలసీ కొనుక్కోగలిగిన స్తోమతున్నవాడికి పన్ను సున్నా. ఇరవై ఒక్క వేలు దాటి, కంపెనీ పాలసీలో అమ్మానాయనలను చేర్చుకుని ఆ ప్రీమియం తన జీతంలోంచి కట్టేవాడికి నూటికి పద్దెనిమిది. దీన్ని ఏ మధ్యతరగతి సంస్కరణ అనాలో ఆర్థిక శాఖే చెప్పాలి.

అసలు ఈ దేశంలో ఎవరు ఉన్నవాడో ఎవరు లేనివాడో ప్రభుత్వం ఒక మాట మీద నిలబడిందా? రూ.21,000 చొప్పున ఏడాదికి రూ.2,52,000. అది దాటితే ఈఎస్‌ఐ అక్కర్లేనివాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీకి పెట్టిన ఆదాయ పరిమితి ఏడాదికి రూ.5 లక్షలు. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల రిజర్వేషన్‌కు కేంద్రం పెట్టింది రూ.8 లక్షలు. 2025 బడ్జెట్‌లో అదే కేంద్రం రూ.12 లక్షల దాకా ఆదాయపు పన్ను కట్టనక్కర్లేదంది. పన్ను దగ్గర పన్నెండు లక్షల వాడిని కనికరించిన ప్రభుత్వానికి, ఆస్పత్రి దగ్గరకు వచ్చేసరికి రెండు లక్షల యాభై రెండు వేల వాడు సంపన్నుడైపోయాడు.

ఈఎస్‌ఐ ఆస్పత్రులు బాగోవు కదా, పోతేనేం అనేవారున్నారు. నిజమే, బాగోవు. డిస్పెన్సరీల్లో మందులుండవు, రిఫరల్ కాగితం కోసం తిప్పుతారు, 2019, 2020ల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈఎస్‌ఐ మందుల కొనుగోళ్ల మీద అవినీతి కేసులు నడిచాయి. తిరుపతిలో ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది, కుప్పం నుంచి అక్కడికి చేరేసరికి సగం రోజు పోతుంది. ఇవన్నీ ఆస్పత్రులు కట్టడానికి, మందులు సక్రమంగా కొనడానికి కారణాలు. కార్మికుణ్ని బయటికి పంపడానికి కారణాలు ఎలా అవుతాయి? బడి కప్పు కారుతోందని పిల్లల పేర్లు కొట్టేస్తామా?

ఆరోగ్యశ్రీకి ఇప్పటి పేరైన ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది కదా అన్నది ఇంకో వాదన. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం అన్ని కుటుంబాలకూ రెండున్నర లక్షల బీమా, ఆపైన పేద కుటుంబాలకు పాతిక లక్షల దాకా ట్రస్టు వైద్యం అని ఆమోదించింది. మంచిదే. మరుసటి నెలలోనే బకాయిలు రాలేదంటూ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. ఖజానాలో డబ్బుంటే నడిచేది వేరు, కార్మికుడు తన జీతంలోంచి కట్టిన చందాతో వచ్చిన హక్కు వేరు. మదనపల్లె టమాటా మార్కెట్ హమాలీకి, నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద కూర్చునే నేతన్నకు యజమానే లేడు కాబట్టి వారికి వైద్యసేవే దిక్కు. కట్టగలిగి, కడుతూ వచ్చినవాడిని కూడా ఆ వరుసలోకి నెట్టడం దేనికి?

పరిమితి పెంచితే నిధులు చాలవంటే నేను నమ్మను. 2018-19లో 3.6 కోట్ల మంది కార్మికులు, 12.85 లక్షల యజమానుల నుంచి వచ్చిన చందా రూ.22,279 కోట్లు. మరుసటి ఏడాది, 2019 జులై 1 నుంచి, మొత్తం చందాను 6.5 శాతం నుంచి 4 శాతానికి దించేశారు. యజమాని వాటా 4.75 నుంచి 3.25కు, కార్మికుడి వాటా 1.75 నుంచి 0.75కు. నిధి బొటాబొటిగా ఉంటే ఎవరైనా చందాలో మూడో వంతుకు పైగా వదులుకుంటారా? రేటు తగ్గించడానికి తీరిక దొరికింది. ఇరవై ఒక్క వేలను పెంచడానికి దొరకలేదు.

2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. నోటిఫై చేసిన ప్రాంతమైతేనే ఈఎస్‌ఐ అన్న పాత మెలిక పోయి దేశమంతటికీ వర్తించేలా చేశారు, పుంగనూరుకైనా ముంబయికైనా ఒకటే చట్టం. దానికి మెచ్చుకోవచ్చు. వేతనం నిర్వచనం కూడా మారింది. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం వంటివి మొత్తంలో సగం దాకా లెక్కలోకి రావు కాబట్టి గీత దాటిన కొందరు తిరిగి లోపలికి వచ్చే వీలుంది. అయితే అది జీతం చీటీని కంపెనీ ఎలా ముక్కలు చేస్తుందన్న దాని మీద పడింది. ఒకే జీతానికి ఒకే వీధిలోని ఇద్దరిలో ఒకడు బీమాలో ఉంటాడు, ఇంకొకడు ఉండడు. ఏ వరుస కింద ఎంత రాయాలో తేల్చే అకౌంటెంటు ఆ ఇంటి అమ్మానాయనల వైద్యాన్ని తేలుస్తాడన్నమాట.

ఈలోగా ఎంచుకోక తప్పనివారికి ఒక్క మాట చెబుతాను. భార్యాభర్తల్లో ఒకరి జీతం ఇంకా గీత లోపల ఉంటే ఆ ఈఎస్‌ఐని చిన్నచూపు చూసి వదులుకోవద్దు. రెండో వారి కంపెనీ పాలసీ దానికి తోడుగా ఉండాలి, దాని స్థానంలో కాదు. పెద్దవారిని చేర్చే అవకాశం ఏడాదికి ఒక్కసారే వస్తుంది, టాప్‌అప్ మానుకునైనా ముందు వారిని చేర్చండి. బీమా మొత్తం ఎంతన్నది చూసేముందు జాబితాలో మీ వాళ్లు నిజంగా వెళ్లే ఆస్పత్రి ఉందో లేదో చూడండి.

ఇంతకంటే సలహా నా దగ్గర లేదు, ఉండనక్కర్లేదు కూడా. ఇరవై ఒక్క వేల జీతగాణ్ని బీమా నిపుణుడిగా మారమనడమే ఒక రకం దౌర్జన్యం. 2016 డిసెంబర్‌లో పదిహేను వేలను ఇరవై ఒక్క వేలు చేయడానికి కేంద్రానికి ఒక నోటిఫికేషన్ సరిపోయింది. పార్లమెంటులో బిల్లు పెట్టలేదు, ఓటింగ్ జరపలేదు. ఇప్పుడూ అంతే పని. మదనపల్లె రాజంపేట లోక్‌సభ స్థానంలో ఉంది, కుప్పం చిత్తూరు స్థానంలో ఉంది. ఈ రెండు చోట్లా ఓటు అడిగిన ప్రతి పార్టీ బెంగళూరు బస్సెక్కే, రైలెక్కే కుర్రవాళ్ల గురించి వేదికల మీద కన్నీళ్లు పెట్టుకుంది. ఇరవై ఒక్క వేల మీద కార్మిక శాఖ మంత్రికి వీరిలో ఎవరు ఎన్ని లేఖలు రాశారో, వాటికి ఏ జవాబు వచ్చిందో బయటపెట్టమనండి.