వాకిటిలోని పచ్చని మరక



గత మాసమున ఊరగాయ జాడీలను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున జాడీలను విడిచి బండి క్రిందికి తొంగిచూడవలసి వచ్చినది. సరకులు మోయు పికప్ బండి నాధారము చేసికొని బ్రతుకు కుటుంబములు మన పల్లెలలో నేడు అనేకములు కలవు. బండిని నడుపువారు పురుషులే యగుగాక. దాని అప్పు తీర్చునది ఇల్లు, అది నిలిచిపోయిన దినమున ఎసరు తగ్గునదియు ఇంటిలోనే. పైగా ఉదయమున కల్లాపి చల్లి ముగ్గు వేయునపుడు బండి క్రింది మరకను అందరికంటె ముందు చూచునది ఇల్లాలే గదా!

మరకలన్నియు ఒక జాతివి కావు. నల్లగా, జిడ్డుగా నున్నది ఇంజను నూనె. ఏసీ వేసికొని వచ్చిన బండి క్రింద రంగును వాసనయు లేని నీరు కారిన భయము లేదు; గాలిలోని చెమ్మయే అట్లు కారును. పచ్చగనో, ఎర్రగనో, నారింజ వన్నెగనో యుండి, వ్రేళ్లకు జారుడుగ తగులుచు, కొంచెము తియ్యని వాసన వేయునది కూలెంటు. ఏండ్ల తరబడి వట్టి నీరు పోసిన బండినుండి మాత్రము త్రుప్పు నీరే కారును. కనుక రంగు నొక్కదానినే నమ్మరాదు.

ఇంజనులో పుట్టు వేడిమిలో కొంత భాగమే చక్రములను త్రిప్పును. మిగిలినదానిలో ఒక పెద్ద వంతు పొగగొట్టమున పోగా, మరియొక పెద్ద వంతును ఈ కూలెంటు మోసికొని పోవును. వాటర్ పంపు దానిని ఇంజను గోడలలోని సందులగుండ త్రిప్పి, రబ్బరు గొట్టముల ద్వారా ముందున్న రేడియేటరునకు పంపును. అచ్చట సన్నని గొట్టములలో గాలికి చల్లబడి మరల వెనుకకు వచ్చును. రేడియేటరు మూత మన ప్రెషరు కుక్కరు మూతకు సోదరి యనవచ్చును. కుక్కరులో ఒత్తిడి పెరుగుటచే నీరు 100 డిగ్రీల యొద్ద మరుగక సుమారు 120 డిగ్రీల వరకు కాగునని భౌతికశాస్త్రము బోధించు మా వారు చెప్పుదురు. ఇదియు అట్టిదే. మూతలోని రబ్బరు చుట్టు ఎండి బీటలు వారినచో ఒత్తిడి నిలువదు; లోనిది ముందుగానే మరిగి ప్రక్క డబ్బాలోనికి పొంగి, అచ్చటినుండి నేలపాలగును. క్రొత్త మూతకగు వ్యయ మత్యల్పము. అయినను పెక్కు షెడ్లలో కట్టకడపట చూచునది దానినే యగుట మాకు వింతగ నున్నది.

ఈల వేయుచున్న కుక్కరు మూతను ఏ యిల్లాలును తీయదు. ఆవిరి చిమ్ముచున్న రేడియేటరు మూతను తీయు మగవారిని మాత్రము ప్రతి వేసవియందును చూచుచున్నాము. ఒత్తిడి తొలగిన క్షణమున లోనిదంతయు ఒక్కసారిగ మరిగి ముఖమున చిమ్మును. ఇంజను నాపి, అరగంట గాని అంతకంటె ఎక్కువ గాని ఆగి, గొట్టము చేతికి వేడి తగులని స్థితి వచ్చిన పిదప, మందపు గుడ్డ కప్పి మెల్లగా త్రిప్పవలెను. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయుటయు కూడదు. పొయ్యిమీది రాచ్చిప్పలో చన్నీళ్లు పోసిన నేమగునో మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన ముసలి బండి మాట. దానికి కారుటకు తావులు చాల గలవు. రబ్బరు గొట్టములు బొబ్బవలె మెత్తబడియో, ఎండిన తాటిమట్టవలె బిరుసెక్కియో, క్లిప్పు బిగించిన చోట చీలును. పూర్వపు రాగి, ఇత్తడి రేడియేటర్లకు మన బిందెలకువలె మాటు వేయించుటకు వీలుండెడిది. ఇప్పటి వానిలో పెక్కింటికి నడుమ అల్యూమినియము, ప్రక్కల ప్లాస్టిక్కు తొట్లు. ఆ ప్లాస్టిక్కు వేడికి పెళుసెక్కి వెంట్రుకవాసి బీట వారును; బండి కాగినపుడు ఆ బీట విచ్చుకొని కారును, చల్లారిన పిదప మూసికొని పొడిగ కనబడును. అట్టిచోట ఎండిన పాలచారవంటి తెల్లని లేక పచ్చని పొరను వెదకవలెను. వాటర్ పంపు క్రింద చిన్న రంధ్రమొకటి బుద్ధిపూర్వకముగ విడువబడి యుండును. లోని సీలు అరిగినపుడు చుక్క ఆ దారిని బయటపడి మనల హెచ్చరించుటకే అది యున్నది. దానిని బంకముద్దతో పూడ్చు ఘనులును కలరు!

అన్నిటికంటె భయపడవలసినది హెడ్ గాస్కెట్ చెడుట. అప్పుడు కూలెంటు నేలమీద పడక ఇంజనులోనికే పోవును. ఇంజను కాగిన పిదపగూడ దట్టముగ, తియ్యని వాసనతో తెల్లని పొగ వచ్చుట, నూనె పోయు మూతకు మీగడవంటి నురుగు అంటుట, రేడియేటరులో బుడగలు ఎడతెగక లేచుట, ఎచ్చటను తడి లేకయే మట్టము తగ్గుట దీని గుర్తులు. వీనిలో ఏదియు చూడకయే గాస్కెట్ పోయినదని తీర్పు చెప్పు వైద్యులుగూడ లేకపోలేదు.

మా మరిది పికప్ బండిపై నూజివీడు మామిడికాయలను నున్న మార్కెట్టునకు తోలును. గత వైశాఖమున బండి దినమునకు లీటరు చొప్పున త్రాగసాగినది. షెడ్డువాడొకడు దూరమునుండియే చూచి, ఇంజను విప్పవలెననియు, లేనిచో తెగనమ్ముట మేలనియు చెప్పెనట. కాయల కాలము రెండు మాసములే. ఆ రెండు మాసముల రాబడితోనే సంవత్సరపు వాయిదాలు గడువవలెను. మా తోడికోడలు మెడలోని గొలుసు తీసి మా యెదుట పెట్టి, "అక్కా, దీనిని కుదువబెట్టుదునా, బండినే అమ్మించుదునా?" అని అడిగినది. ముందు చుక్క ఎచ్చట పడుచున్నదో చూతము, గొలుసు తరువాత, అంటిమి.

ఆ రాత్రి బండి క్రింద పాత వార్తాపత్రికలు పరచి రాళ్లు పెట్టించితిమి. తెల్లవారునప్పటికి పచ్చని మరక రేడియేటరు క్రింద లేదు. దానికి వెనుక, ఇంజను ముందుభాగమున బెల్టు తిరుగు చోటి క్రింద నున్నది. నూనె మూతకు నురుగు లేదు. చల్లని ఇంజనుకు మూత తీసి స్టార్టు చేయించగా బుడగల వరుస లేదు. తెల్లని పొగయు లేదు. మరియొక వృద్ధ మెకానిక్కు దీపము పట్టి చూచి, పంపు క్రింది రంధ్రమునుండి దిగిన పచ్చని చారను మా మరిదికి చూపెను. పంపు, రెండు గొట్టములు, మూత మార్చిరి. గొలుసు మెడలోనే యున్నది, బండి కాయల కాలమంతయు తిరిగినది. అంతమాత్రమున అది పడుచుబండి యైనదని కాదు. రేడియేటరు తొట్టి ఎప్పుడు పగులునో యని మా మరిది వారమునకెంత పోసినదియు ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుచున్నాడు. ఆ లెక్క పెరిగినదా, అమ్మవలసిన కాలము వచ్చినదని వా రిరువురును అనుకొనిరి.

మన పోపుల డబ్బాకును ఈ రోగమునకును ఒక సంబంధము కలదు. కారు రేడియేటరులో పసుపు పోయుట లారీవారి చిట్కా. పసుపు తడిసి సన్నని రంధ్రమున ఇరుకుకొని కారుట నాపవచ్చును. ఊరు లేని దారిలో చిక్కుకొన్నవారు ఇల్లు చేరుటకు దానిని వాడిన మేము తప్పు పట్టము. దానినే చికిత్స యనుకొని నెలల తరబడి తిరిగినచో, ఆ పసుపే రేడియేటరు సన్నని గొట్టములను పూడ్చును. కారుట ఆగును, కాగుట మొదలగును.

"మన ప్రాంతమున నీరు గడ్డకట్టదు గదా, కూలెంటేల? బోరునీరు చాలదా?" యని కొంద రందురు. బోరునీటిలో కాచిన పాత్ర అడుగున తెల్లగా పేరుకొను ఉప్పును మీరు గీకియే యుందురు. రేడియేటరులో చేయి దూర్చి గీకువా రెవ్వరు? కూలెంటులోని మందులు లోహమును త్రుప్పునుండి కాపాడును. చిక్కని కూలెంటునైనచో బ్యాటరీకి పోయు డిస్టిల్డు వాటరుతో, సాధారణముగ సగము సగముగ కలుపుకొనవలెను. కలిపియే అమ్మునదానికి మరల నీరు చేర్చరాదు.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి. ఈ ద్రవము విషము. సాధారణముగ ఇందుండు ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగ నుండును; గిన్నెలో వదలిన బిడ్డలు నాకుదురు, కుక్కలు త్రాగును. 2022వ సంవత్సరమున గాంబియా దేశమున అనేకమంది పసిపిల్లలు మూత్రపిండములు చెడి మరణించినపుడు, వారికి పోసిన దగ్గుమందులలో కనబడినవి ఇదియు, దీని జ్ఞాతియగు డైఎథిలీన్ గ్లైకాలును. త్రాగినవారు మొదట మత్తులో నున్నట్లుందురు, వాంతులగును. పిమ్మట మూత్రపిండములు చెడును. బిడ్డ త్రాగెనన్న అనుమానము కలిగిన చాలును, గుర్తులు కనబడువరకు ఆగక, వాంతి చేయింపక, 108 బండిని పిలిచి, ఆ డబ్బాను గూడ వెంట పట్టుకొని ఆసుపత్రికి పోవలెను. దీనికి విరుగుడు కలదు. ఎంత త్వరగ ఇచ్చిన నంత మేలు.

వాకిట చిందినదానిని ఇసుకయో బూడిదయో చల్లి ఎత్తివేసి, ఆ చోటును కడిగిన పిదపనే ముగ్గు వేయుడు. దింపిన పాత కూలెంటును పశువులు త్రాగు కాలువలో గాని పెరటి గుంటలో గాని పోయనీయకుడు. త్రాగునీటి సీసాలో పోసి అటకమీద పెట్టుట మరియు ప్రమాదము. గట్టి మూత గల డబ్బాలో పోయించి, పైన "విషము" అని పెద్ద అక్షరములతో వ్రాసి, బండిని బాగుచేసిన షెడ్డువారికే అప్పగింపుడు.